టీకి వస్తారా? కొలువులో క్రొత్తవారి కుదురుబాటు

పగలు ఒంటిగంట కావచ్చినది. హైదరాబాదు మాదాపూరులోని ఒక బహుళాంతస్తుల భవనమున ఆరవ అంతస్తునందలి భోజనశాల. పార్వతీపురము ప్రాంతమునుండి వచ్చి, ఉద్యోగమున చేరి మూడు దినములైన యువతి ఒకతె, చేత రెండు గిన్నెల స్టీలు క్యారియరు పట్టుకొని, బల్లల నడుమ నిలిచి నలుదెసలు పరికించుచున్నది. ఆరుగురు కూర్చుండదగిన బల్లయొద్ద నలుగురున్నారు. ఐదవ కుర్చీపై లాప్‌టాప్ సంచి, ఆరవ కుర్చీపై హెల్మెట్టు. "ఇక్కడ మావాళ్లు వస్తున్నారండీ" అని అందొకరు మర్యాదగనే చెప్పిరి. ఆ మాటలో అసత్యమేమియు లేదు. వారివారు నిజముగనే వచ్చుచున్నారు. ఆమె తన స్థానమునకు మరలిపోయి, కంప్యూటరు తెర వైపు చూచుచు పులిహోర తినెను. తెరపై చూచుటకును ఏమియు లేదు. లాగిన్ ఇంకను రాలేదు.

నాలుగవనాడు పక్క విభాగమునకు చెందిన నడివయస్కు డొకరు దారిలో ఆగి, "ఏమ్మా, లాగిన్ వచ్చిందా?" అని అడిగెను. రాలేదనగా, "మెయిల్ పెడితే రాదమ్మా. పదకొండు లోపు రెండో ఫ్లోర్‌కి వెళ్లి కిటికీ పక్కన కూర్చునే ఆయన్ని అడగాలి. పద, టీ తాగి అటే వెళ్దాం" అనెను. పావుగంటలో లాగిన్ వచ్చినది. నియామకపత్రముతో బాటు ఆమెకిచ్చిన లావుపాటి నియమావళిలో కిటికీ పక్కన కూర్చుండు ఆయన ప్రసక్తి ఎచ్చటను లేదు.

కోవిడ్ కాలమున ఉద్యోగులను ఇండ్లనుండియే పనిచేయనిచ్చిన సంస్థలు ఇప్పుడు ఒకదాని వెనుక నొకటి వారిని కార్యాలయములకు రప్పించుచున్నవి. టీసీఎస్ 2023 అక్టోబరునుండి వారమున ఐదు దినములును రావలెనని తన ఉద్యోగులను కోరినది. అమెజాన్ 2025 జనవరినుండి తన కార్యాలయోద్యోగులకు అదే నియమమును విధించినది. రమ్మనుటకు యాజమాన్యములు చెప్పు కారణములలో నలుగురితో కలిసిమెలిసి యుండుట యనునది ముందు వరుసలో వినవచ్చుచున్నది. మియాపూరునుండియో ఉప్పల్‌నుండియో వచ్చిపోవుటకే ప్రతిదినము రెండు మూడు గంటలు ధారపోయు ఉద్యోగులు ఈ మాట విని నవ్వుకొనుచున్నారు. పదేండ్లు ఒకే చోట పనిచేసిన వానికి ఆ నవ్వు తగును. నిన్న చేరిన వానికి మాత్రము తగదు; ఏలయన, పాతవానికి కాలక్షేపమైన టీ వేళ క్రొత్తవానికి పాఠశాల.

నియమావళిలో లేని పాఠములు

ఏ అధికారి ఉదయమే సంతకము పెట్టును, ఏ అధికారి సాయంకాలముగాని ఫైలు ముట్టడు, సెలవు వ్రాతమూలముగా అడుగవలెనా లేక ముందు నోటిమాటగా చెవిన వేయవలెనా, "కొంచెం చూడండి" అని వచ్చిన మెయిలు నిజముగా కొంచెము చూచుటకా లేక ఈ రాత్రికే ముగింపుమనుటకా అను సంగతులు ఏ శిక్షణ తరగతిలోను చెప్పబడవు. అవి లిఫ్టు కొరకు నిలిచిన మూడు నిమిషములలో, మెట్లమీద, టీ కొట్టు ముందర తెలియును. అత్తవారింట అడుగిడిన కోడలికి ఆ యింటి అలిఖిత శాసనములను విప్పి చెప్పునది అత్తగారు కాదు, తోడికోడలు. కొలువునందును అంతే, చెప్పవలసిన అధికారి చెప్పడు, చెప్పనక్కరలేని సహోద్యోగి చెప్పును.

ఆర్టీసీ డిపోలో క్రొత్తగా చేరిన కండక్టరును చూడుడు. శిక్షణలో టికెట్టు యంత్రమును నొక్కుట నేర్పుదురు, ఛార్జీల పట్టిక చేతికిత్తురు. సంతనాడు ఏ ఊరి అడ్డరోడ్డున జనము ఒక్కుమ్మడి ఎక్కుదురో, అచ్చటికి చేరకమునుపే వెనుక సీట్ల టికెట్లు ముగించుకొననిచో స్టేజి ఎట్లు దాటిపోవునో, చిల్లరను తొలి ట్రిప్పుననే ఎందుకు కూడబెట్టవలెనో చెప్పువాడు మాత్రము, బస్సు నిలిపి ఎదుటి హోటలులో అతనితో కలిసి టీ త్రాగు డ్రైవరు. ఆ డ్రైవరు ముభావియైనచో కండక్టరు ఈ పాఠములనే తనిఖీ అధికారుల ఎదుట తల వంచుకొని నేర్చుకొనును. దసరానాడు డిపోలో బస్సులకు మామిడి తోరణములు కట్టి, ఆయుధపూజ చేసి, గుమ్మడికాయ కొట్టువేళ ఆ క్రొత్తవాడు ఒంటరిగా గేటువద్ద నిలిచినాడో, నలుగురి నడుమ కొబ్బరిచిప్పలు పంచుచున్నాడో చూచినచో, అతనికి పని ఎంతవరకు పట్టుబడినదో డిపో మేనేజరు రికార్డులు తిరగవేయకయే చెప్పగలడు.

కావున క్రొత్త ఉద్యోగికి తొలినాళ్లలో ప్రాణస్నేహితుల అవసరము లేదు; వెర్రి ప్రశ్నను వెరపు లేక అడుగదగిన మనిషి ఒక్కడు చాలును. అట్టి మనిషి దొరకు అవకాశమును పెంచిన సాంగత్యము మేలు చేయును. ఆ అవకాశము పెరుగనిచో, దానికి ఎంత ఘనమైన విందు జోడించినను అది క్రొత్తవానికి రెండవ ఇంటర్వ్యూయే.

చికాగో చెంత ఒక గది

పనివారి చెలిమి పనిని పెంచునని చెప్పువారు తరచుగా హాథార్న్ పరిశోధనలను పేర్కొందురు. చికాగో సమీపమున సిసెరో అను పట్టణములో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు టెలిఫోను పరికరములు చేయు హాథార్న్ కర్మాగారముండెడిది. దీపకాంతి హెచ్చించిన పని హెచ్చునా అని 1924లో పరీక్షింప మొదలిడినవారు, 1932 నాటికి దీపములను విడిచి మనుష్యుల నడుమనున్న సంబంధములను చూచుటకు వచ్చిరి. హార్వర్డు ఆచార్యుడు ఎల్టన్ మేయో పేరు లోకమునకు తెలిసినది ఈ పరిశోధనలవలననే.

ఆ పరిశోధనలలో చివరిది, ఉపన్యాసములలో అంతగా వినబడనిది, ఒకటి కలదు. 1931 నవంబరునుండి 1932 మే వరకు 14 మంది పురుషులను ఒక గదిలో పనిచేయించి, ఒక పరిశీలకుడు అచ్చటనే కూర్చుండి చూచెను. తీగలు కలుపువారు తొమ్మిదిమంది, టంకము వేయువారు ముగ్గురు, తనిఖీదారులు ఇద్దరు. పని పెరిగినచో కూలియు పెరుగు ఏర్పాటున్నను ఆ గదిలో పని పెరుగలేదు. మరీ ఎక్కువ చేయరాదు, మరీ తక్కువ చేయరాదు, తోటివానికి చేటు వచ్చు మాట పైవారి చెవిన వేయరాదు అని వారిలో వారికొక కట్టుబాటు. హద్దు మీరినవాని దండచేతిపై పిడికిలితో ఒక గుద్దు. ఆ పదునలుగురిలోనే మరల రెండు జట్లు. వారు నవ్వుకొనుచు, పందెములు వేసికొనుచు, ఒకరికొకరు సాయపడుచు నుండిరి. చెలిమికి లోటేమియు లేదు. గుంపు క్రొత్తవానికి పని నేర్పును, ఎంతకుమించి చేయరాదో ఆ హద్దును గూడ నేర్పును. మన కచేరీలలో చేరిన వారమునకే ఫైళ్లన్నియు ముగించిన ఉత్సాహవంతునితో, "అంత తొందరేముంది బాబూ, రేపు కూడా ఆఫీసుంది" అని ఆప్యాయముగా చెప్పు పెద్దమనిషి ఆ సిసెరో గదిలోనివారికి జ్ఞాతియే.

> చట్టమునకెక్కిన అన్నము వేళ
> 2025 వరకు అమలులోనుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, కార్మికునిచేత కనీసము అరగంట విరామము లేక 5 గంటలకు మించి పనిచేయించరాదని విధించినది. 150 మందికి పైబడి కార్మికులున్నచోట విశ్రాంతి గదులు, భోజనపు గది, 250 మందికి పైబడినచోట క్యాంటీను ఉండవలెనన్నది. ఫ్రాన్సు దేశపు కార్మిక నియమములు ఇంకొక అడుగు ముందుకు పోయి, పనిచేయు స్థలముననే భోజనము చేయుటను నిషేధించినవి. కోవిడ్ కారణమున 2021 ఫిబ్రవరిలో దానిని తాత్కాలికముగా సడలించినప్పుడు లోకమునకు ఈ నిషేధమొకటి యున్నదని తెలిసినది.

"ఈ ‘కె’ అంటే ఏమిటండీ?"

మన తెలుగునాట టీ వేళ సంభాషణకు ఒక క్రమము కలదు. "మీదే ఊరండీ?" అనునది మొదటి ప్రశ్న, అందు దోషము లేదు, ఊరు చెప్పుకొనుట మనకు సంతోషము. "ఆ ఊళ్లో ఎవరి తాలూకా?" అనునది రెండవది. పేరునకు ముందు ఇంటిపేరు పొడియక్షరముగా దాగియుండుట మన అలవాటు గనుక, మూడవ ప్రశ్న ఆ అక్షరముపై పడును: "ఈ ‘కె’ అంటే ఏమిటండీ?" గ్లాసులోని టీ సగమైనను తరుగకముందే అడిగినవానికి కావలసిన సమాచారము అందిపోవును. అటుపిమ్మట "మీరూ మనవాళ్లేనన్నమాట" అని కుర్చీ దగ్గరకు జరుపుటయో, "అలాగా, మంచిదండీ" అని ఫోను తీసి చూచికొనుటయో జరుగును. కార్తికమాసము వచ్చుసరికి, ఒకరికి కులసంఘము వారి వనభోజనముల ఆహ్వానము వాట్సాప్‌లో వచ్చును, పక్క బల్లవానికి రాదు. ఉసిరిచెట్టు క్రింద అందరు కూడి తినుటకు ఏర్పడిన ఆచారము ఎవరెవరు కూడి తినరో తెలుపు పట్టికగా మారుట మన కాలపు వింతలలో ఒకటి.

ఈ ప్రశ్నకు భయపడు క్రొత్త ఉద్యోగి, "చిన్న ఊరండీ, మీకు తెలియదు" అని మాట తప్పించును. ఆపైన టీకి పోవుటయే మానును. టీకి పోవుట మానినవాడు కిటికీ పక్కనున్న ఆయన సంగతి తెలిసికొనలేడు, అతని పని ఆలస్యమగును, ఆరునెలల నివేదికలో అధికారి "చొరవ తక్కువ" అని వ్రాయును. వ్రాసిన అధికారికి ఆ ‘కె’ వృత్తాంతము తెలియనే తెలియదు. పుట్టుకచేత కలిగిన దూరము ఈ విధముగా పనిలోని లోపముగా కాగితమెక్కును. తినునదానిని బట్టియు ఇట్లే బల్లలు విడిపోవును. "మేము తినమండీ" అను రెండు ముక్కలు చెప్పి డబ్బా మూత వేసి కొంచెము జరిగి కూర్చుండుటలో ఎదుటివానికి ఎంత వినబడునో చెప్పినవారికి తెలియదు.

పరుల దోషమును మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. బెంగళూరు కార్యాలయములలో మనవారు ఐదుగురు ఒకచోట చేరినచో ఆరవవాడు అస్సామునుండి వచ్చినను ఒడిశానుండి వచ్చినను సంభాషణ తెలుగులోనే సాగిపోవును. సినిమా గురించి మొదలై, మధ్యలో ప్రాజెక్టు గడువు గురించి నాలుగు మాటలు దొర్లి, మరల సినిమాలోనికి పోవును. ఆ నాలుగు మాటలే ఆ ఆరవవానికి కావలసినవి. అడిగినచో "ఏం లేదు, ఊరికే" అందురు.

ఆరు గంటల తరువాత

1998లో ఐటీ సంస్థలకై సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట హైదరాబాదునకు అలవడిన క్రొత్త ఆచారములలో సాయంకాలపు టీమ్ విందు ఒకటి. ఎనిమిది గంటలకు ఆరంభమై పదకొండుకు ముగియు ఈ విందులో మద్యము ఉండవచ్చును, పాటలు ఉండవచ్చును, హాజరు స్వచ్ఛందమే. హాస్టలు తలుపు పదింటికి మూయు యువతికి, చంటిబిడ్డను అమ్మమ్మకు అప్పగించి వచ్చిన తల్లికి, మందు ముట్టని వానికి, సొంత బండి లేని వానికి ఆ స్వాచ్ఛంద్యము ఎట్టిదో మరునాడు తెలియును. ఉదయపు సమావేశమున "నిన్న అనుకున్నాం కదా, అలాగే చేద్దాం" అని నిర్ణయము ప్రకటింపబడును. నిన్న ఎచ్చట అనుకొనిరో అడుగుటకు క్రొత్తవారికి నోరు రాదు. పొగ త్రాగు విరామములును ఇట్టివే. పొగ త్రాగనివాడు ఆరోగ్యమును కాపాడుకొని సమాచారమును పోగొట్టుకొనును.

> విందును కార్యస్థలమే
> పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టము, "కార్యస్థలము" అనుదానికి కార్యాలయపు గోడలను హద్దు చేయలేదు. ఉద్యోగరీత్యా పోవలసివచ్చిన ఏ ప్రదేశమైనను, యాజమాన్యము సమకూర్చిన వాహనమైనను అందు చేరును. 10 మంది, అంతకు మించి పనిచేయువారున్న ప్రతిచోట అంతర్గత కమిటీ యుండవలెను. విహారయాత్రలో జరిగినదానికి కార్యాలయముతో సంబంధము లేదని చెప్పు అధికారి చట్టమును చదువలేదన్నమాట.

ధనము మాట ఒకటి. "మొదటి జీతం, పార్టీ ఎప్పుడు?" అని అడుగువారికి చెడ్డ తలంపు లేదు. అయితే అమీర్‌పేట హాస్టలు అద్దె కట్టి, ఇంటికి కొంత పంపి, కోచింగునకు చేసిన అప్పులో ఒక భాగము తీర్చినవానికి పన్నెండుమందికి బిర్యానీ పెట్టుట యెట్లో వారు తలపరు. ఆపైన నెలనెలా పుట్టినరోజు కేకులకు, వీడ్కోలు శాలువలకు చందా. ఇయ్యనన్నచో పిసినారి యన్న పేరు. ఆ పేరు జీతము పెరిగినను పోదు.

పాతవారు లేని కార్యాలయములు

పాతవారు క్రొత్తవారికి నేర్పుదురు అనుకొంటిమి. అందరును క్రొత్తవారే యైనచో? ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు 2న నాటి తూర్పు గోదావరి జిల్లా కరపలో ఆరంభమైన గ్రామ సచివాలయముల వ్యవస్థ ఇట్టి అపూర్వమైన స్థితిని కల్పించినది. సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున ఏర్పడిన ఆ కార్యాలయములలోనికి వేలాది యువతీయువకులు ఒక్కమారు అడుగిడిరి. డిజిటల్ సహాయకుడు, సంక్షేమ సహాయకుడు, ఇంజనీరింగు సహాయకుడు, సర్వేయరు, పశుసంవర్ధక సహాయకుడు, మహిళా పోలీసు అను పేర్లతో పది పదునొకండుగురు ఒకే కప్పు క్రింద చేరిరి. వారిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క శాఖ, ఒక్కొక్క పైయధికారి. పక్క కుర్చీవాని పని తనకు రాదు, తన పని పక్క కుర్చీవానికి రాదు. పల్లెలో చాలచోట్ల టీ కొట్టు ఉండెనుగాని దానివద్ద కూర్చుండి చెప్పదగిన పాతకాపు లేడు.

ఇట్టిచోట జరిగిన సాంగత్యము రెండు తెరగులది. మండలములోని ఒకే హోదావారు ఫోనులలో గ్రూపులు కట్టి, దరఖాస్తు ఏ నమూనాలో ఎక్కించవలెను, సర్వరు నిలిచినచో ఏమి చేయవలెను అని ఒకరికొకరు గురువులైరి. పని నేర్చినది ఈ గ్రూపులలోనే. ఊరిలో నిలద్రొక్కుకొనుట మాత్రము ఒకే కప్పు క్రిందివారి వలన జరిగినది. పింఛను రాలేదని నిలదీయు వృద్ధునికి జవాబు చెప్పలేక తడబడు సంక్షేమ సహాయకునికి, ఆ వృద్ధుని ఇంటి సంగతులు తెలిసిన ఆరోగ్య కార్యకర్త అండ. ఊరిపెద్దల వీధిలో కొలత వేయవలసివచ్చిన సర్వేయరు వెంట మహిళా పోలీసు. రెండేండ్లనుకొన్న ప్రొబేషను 2022లోగాని ఖరారు కాకపోయినప్పుడు తగ్గు జీతముతో ఆ నెలలను ఈడ్చినది గూడ ఈ ఉమ్మడి కష్టపు చెలిమితోడనే. పాతవారు లేకపోవుట చేత ఒక మేలును కలిగినది: "ఇక్కడ ఇలాగే చేస్తాం" అని చెప్పువాడు లేడు.

దీనికి కొంచెము దగ్గరిది, మిక్కిలి భిన్నమైనది, 2020, 2021 సంవత్సరములలో ఐటీ ఉద్యోగములలో చేరినవారి స్థితి. వారి లాప్‌టాప్ కొరియరులో వచ్చినది. చేరిన దినమున అమ్మ బెల్లము ముక్క నోట పెట్టి ముందుగదిలోని కుర్చీకి సాగనంపినది. పాతవారు కలరు, తెర మీద, పేరులోని తొలి అక్షరమునకు చుట్టిన రంగు వలయముగా. గదిలో నున్నచో ఎదుటివాడు తీరికగా నున్నాడో లేదో ముఖము చూచి తెలిసికొని, సరియైన క్షణమున మెల్లగా అడుగవచ్చును. అడిగిన ప్రశ్న గాలిలో కలిసిపోవును. చాట్‌లో అడిగిన ప్రశ్న గాలిలో కలియదు, తన అజ్ఞానమునకు తేదీతో, సమయముతో సాక్ష్యమై నిలుచును. అందుచేత వారు అడుగుట మానిరి. అరగంటలో తీరు చిక్కుతో రెండు దినములు పెనుగులాడిన వారి కథలు ఆనాటివారిని కదిపినచో ఇప్పటికిని వినబడును. కార్యాలయమునకు రమ్మన్నప్పుడు నవ్వని ఉద్యోగులు ఎవరైన నున్నచో, వారిలో వీరు కొందరు.

> చెరీ చెట్టు క్రింద చాప
> జపానులో కంపెనీలు పట్టభద్రులను ఏటేట ఏప్రిల్ 1న సభ చేసి ఒక్కమారు చేర్చుకొనుట ఆచారము. అది చెరీ పూలు పూయు కాలము. సహోద్యోగులు కలిసి పూలచెట్ల క్రింద చేసికొను విందునకు ముందుగా పోయి, చాప పరచి, గంటల తరబడి ఆ స్థలమును కాచుకొనియుండు పనిని క్రొత్తగా చేరినవానికి అప్పగించుట చాలచోట్ల వాడుక.

నవ్వనివాని హక్కు

అందరును మాటకారులు కారు. పని చక్కగా చేసి, వేళకు ఇల్లు చేరి, ఎవరి జోలికిని పోని మితభాషులు ప్రతి కార్యాలయమునను ఉందురు. పారిస్ నగరమున ఒక సలహా సంస్థ తన ఉద్యోగి యొకడు వారాంతపు విందులలో, మద్యము ఏరులై పారు వినోదములలో పాలుగొనడనియు, సంస్థ కోరు "సరదా" అతనిలో లేదనియు 2015లో అతనిని తొలగించినది. ఆ వ్యాజ్యము ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానము దాక పోయినది. ఆ వినోదములలో చేర నిరాకరించుట అతని భావప్రకటన స్వేచ్ఛలో భాగమని, ఆ కారణమున తొలగించుట చెల్లదని 2022 నవంబరులో తీర్పు వచ్చినది. మనదేశములో ఇట్టి కారణమును ఎవరును కాగితముపై పెట్టరు. "టీమ్‌లో కలవడం లేదు" అని మాత్రము వ్రాయుదురు.

యాజమాన్యములు చేయదగిన పనులు కలవు, వానిలో పెక్కింటికి కానీ ఖర్చు లేదు. క్రొత్తవాని కుర్చీని మేనేజరు గది ఎదుట గాక, కార్యాలయమున అందరికంటె ఓపిక గల మనిషి పక్కన వేయవచ్చును. అట్టి మనిషి ఎవరో పెద్ద హోదావారికి తెలియకపోయినను గుమ్మమువద్దనున్న సెక్యూరిటీ అతనికి తెలియును. నేర్పు పనిని ఆ మనిషి లెక్కలో పనిగా చేర్చవచ్చును. నేడది అతని సొంత కాలమునుండి పోవుచున్నది. విందు చేయదలచినచో పగటిపూట, పని గంటలలో, ఎవరి జేబు తడుమకయే చేయవచ్చును. హైబ్రిడ్ పద్ధతియున్నచోట క్రొత్తవారు వచ్చు దినముననే పాతవారిని గూడ రమ్మనవచ్చును. పాతవారందరు ఇంటనుండ, క్రొత్తవారు మాత్రము మెట్రో ఎక్కి వచ్చి, కార్యాలయమున కూర్చుండి వారితో వీడియోలో మాటలాడు విచిత్రము నగరమున నేటికిని చూడదగియున్నది.

మానవవనరుల విభాగములు మాత్రము ఇవి విడిచి, క్రొత్తవారిని వలయాకారముగా నిలిపి, "మీ గురించి రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పండి" అను ఆటను ప్రతి చేరిక దినమునను ఒక గంట ఆడించుచున్నవి. క్రొత్తవారు ముందురోజు రాత్రియే అబద్ధమును సిద్ధపరచుకొని వచ్చుచున్నారు. ఆ గంటను భోజన విరామమునకు కలిపినచో అభ్యంతరము చెప్పువారు ఆ విభాగమున తప్ప ఎచ్చటను ఉండరు.